సెకండ్ హ్యాండ్ స్కూల్ బస్సు: వేలంలో కొనాలా, డీలర్ దగ్గర కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సంక్రాంతి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఒక బస్సు చూస్తున్నం. వేలంల అగ్గువకొస్తదంటున్నరు, నిజమేనా?" హైదరాబాద్ హయత్‌నగర్ వైపు ఒక స్కూలుకి పద్నాలుగేళ్ళుగా ట్రాన్స్‌పోర్ట్ చూస్తున్నాను. ఈ మధ్యలో తొమ్మిది పాత బస్సులు కొన్నాం. నాలుగు వేలంలో, ఐదు డీలర్ల దగ్గర. చాలావరకు పర్వాలేదు. ఒక్క బండి మాత్రం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, దాని సంగతి కింద చెప్తాను. ఫోన్లో పదే పదే చెప్పిన జవాబులే ఇక్కడ రాశాను.

సూటిగా చెప్పండి. వేలమా, డీలరా?

స్కూళ్ళు తెరిచే జూన్ 12కి ఇంకా నాలుగు నెలలుండి, మీవాడు అనుకునే మెకానిక్ ఒకడుండి, బండి ధర మొత్తం చేతిలో ఉంటే వేలానికి వెళ్ళండి. ఏప్రిల్ దాటాక బస్సు కావాలంటే, లేదా కొన్న వారానికే రూటు మీద తిప్పాలంటే డీలరే నయం. ధర ఎక్కువే. ఆ ఎక్కువ డబ్బు మీ తలనొప్పిని ఇంకొకడు మోసినందుకు ఇచ్చే కూలి అనుకోండి. అయితే ఆ డీలర్ నిజంగా మోశాడో లేదో చూసుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే.

వేలానికి వచ్చే బస్సులు ఎవరివి?

ఎక్కువ భాగం ఫైనాన్స్ కంపెనీలు, బ్యాంకులు సీజ్ చేసినవి. కిస్తీలు కట్టలేకపోతే బండి యార్డుకి చేరుతుంది, అక్కడి నుంచి వేలం. కొన్ని స్కూళ్ళు, కాలేజీలు తమ పాత బస్సుల్ని తామే వేలం కంపెనీల ద్వారా అమ్ముకుంటాయి. నా దృష్టిలో ఇవే మంచి సరుకు. సీజ్ అయిన బండికి చివరి ఏడాది ఎవరూ సరిగ్గా ఆయిల్ కూడా మార్చరు. కిస్తీకే డబ్బు లేనివాడు క్లచ్ ప్లేటు ఎక్కడ మారుస్తాడు! స్కూలు తనంతట తాను అమ్మే బండి అలా కాదు, ఏప్రిల్ దాకా పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిందే. అందుకే యార్డులో నేను అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు, "ఇది సీజ్ బండా, ఓనర్ పెట్టిన బండా?" అని.

ఆర్టీసీ వేలంలో బస్సు కొని స్కూలుకి వేసుకోవచ్చా?

ఆ ఆలోచన మానుకోండి. ఆర్టీసీ తీసేసే బస్సుల్ని తుక్కు కింద ఆన్‌లైన్ వేలంలో అమ్ముతారు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు, రవాణా సంస్థల బస్సులతో సహా, రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. అలాంటి బండి నుంచి ఇనుము వస్తుంది, సీట్లు వస్తాయి, నంబర్ మాత్రం రాదు.

యార్డులో బండిని ఎంతవరకు చూడనిస్తారు?

బర్రెను నీళ్ళలో ఉంచి బేరం చేసినట్టు ఉంటుంది. చూడనిస్తారు, ముట్టుకోనిస్తారు. చాలా యార్డుల్లో స్టార్ట్ కూడా చేసి చూపిస్తారు, బ్యాటరీ ఉంటే. నడిపి చూడనివ్వడం మాత్రం అరుదు. నిబంధనల కాగితం మీద "ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టు" అని రాసే ఉంటుంది. పాట అయ్యాక గేర్‌బాక్స్ లేదని చెప్పినా ఎవరూ వినరు.

నడపకుండానే పట్టుకోగలిగేవి చాలా ఉన్నాయి. నా జేబులో ఒక అయస్కాంతం ఉంటుంది, పాత స్పీకర్లోంచి పీకింది. బస్సు పక్కల మీద, చక్రాల పైన వంపు దగ్గర దాన్ని ఆనించుకుంటూ నడుస్తాను. టక్కున అతుక్కుంటే రేకు. జారిపోతే కింద పుట్టీ. అరచేతి వెడల్పు పుట్టీ ఉంటే ఎక్కడో గీసుకుందని అర్థం, ఫర్లేదు. రెండు కిటికీల పొడవునా జారిపోతే బండి ఒకసారి పక్కకి పడి లేచిందేమో అని అనుమానించాలి. అప్పుడు కిందకి దూరి ఛాసిస్ పట్టాల మీద కొత్త వెల్డింగ్ మచ్చలు వెతకాలి.

తర్వాత మెట్లు. స్కూల్ బస్సుకి తుప్పు మొదలయ్యేది మొదటి మెట్టు దగ్గరే. వానాకాలం అంతా యాభై జతల తడి బూట్లు ఎక్కేది అక్కడే కదా. పైన మ్యాట్ కొత్తగా మెరుస్తుంటుంది. మడమతో గట్టిగా తొక్కండి. మెత్తగా దిగితే కింద ప్లేటు పోయింది. వెనక చక్రాల పైన ఉండే సీటు కింద కూడా ఇలాగే తొక్కి చూడండి. అత్యవసర ద్వారం హ్యాండిల్ తిప్పండి. సగం బండ్లలో అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. దానికి ఖర్చేమీ ఎక్కువ కాదు, కానీ అది తెరుచుకోని బండిని వాడినవాళ్ళు మిగతావి ఎంత బాగా చూసుకుని ఉంటారో మీరే ఊహించుకోవచ్చు.

ఇంజన్ స్టార్ట్ చేయనిస్తే, నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే పెట్టండి. కొంచెం వణికితే పర్వాలేదు. ఎగిరి పడినా, గుప్పున పొగ కొట్టినా ఇంజన్ బోరుకొచ్చిందన్నమాట. డిప్ స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి వేళ్ళ మధ్య ఆయిల్ రాయండి. ఇసుకలా తగిలినా, పాలు కలిపిన టీ రంగులో ఉన్నా ఆ బండి వదిలేయండి. పాల రంగు అంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు బాగా కనిపిస్తున్నా ఏడేళ్ళ రబ్బరు ఎండలో పగులుతుంది. వెనక జోడు టైర్లలో లోపలిది చూడటం మర్చిపోకండి. పైది కొత్తది వేసి, లోపలిది నున్నటి గుండులాంటిది పెడతారు.

పాట ఆగిన ధరే బండి ధరా?

అదే అయితే అందరూ వేలంలోనే కొనేవాళ్ళు. మా ఒక బస్సు లెక్క చెప్తాను. పాట 4,60,000 దగ్గర ఆగింది. వేలం కంపెనీ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 16,000. డబ్బు కట్టి రిలీజ్ ఆర్డర్ తెచ్చుకునేసరికి ఆలస్యమైన రోజులకి యార్డు పార్కింగ్, బండి కదలకపోతే క్రేన్, ఈ రెండూ 9,000. ఆరు టైర్లు 96,000. బ్యాటరీ 14,000. క్లచ్, బ్రేక్ లైనర్లు, వెనక కమాన్ కట్టల్లో విరిగిన ప్లేట్లు, లేబర్‌తో సహా 58,000. టింకరింగ్, పసుపు రంగు, సీట్ల రెక్సిన్ 62,000. మొత్తం 7,15,000. ఇన్సూరెన్స్ ఎలా కొన్నా కట్టాల్సిందే కాబట్టి ఇందులో కలపలేదు.

అదే మోడల్, అదే సంవత్సరం బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో సహా ఉప్పల్ దగ్గర ఒక డీలర్ 7,60,000 చెప్పాడు. బేరమాడితే ఇంకో ఇరవై వేలు తగ్గేది. అంటే రెండు నెలల ఆదివారాలన్నీ ఆటోనగర్‌లో గడిపి నేను మిగిల్చింది పాతిక వేలు. ఇంట్లో చెప్పలేదు.

అయితే ఒక మాట. ఆ పాతిక వేలతో పాటు నాకు దక్కింది ఇంకొకటుంది. ఆ బండిలో ఏది ఎప్పుడు మారిందో నట్టు నట్టుగా నాకు తెలుసు. డీలర్ రంగేసి ఇచ్చిన బండి గురించి అంత నమ్మకంగా చెప్పలేను.

వేలంలో డిపాజిట్ ఎలా పనిచేస్తుంది?

పాటకి ముందు కొంత డబ్బు టోకెన్‌గా కట్టాలి. పాట రాకపోతే తిరిగి ఇస్తారు. పాట మీదే అయ్యి, గడువులోగా మిగతాది కట్టకపోతే పోయినట్టే. చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎక్కువ పాట పాడినంత మాత్రాన బండి మీదైపోదు. కొన్ని బండ్లకు "ఆమోదానికి లోబడి" అని ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీ ఆ ధరకి సరే అనాలి. ఈలోపు పాత ఓనర్ వచ్చి బాకీ కట్టేసినా బండి వెనక్కి పోతుంది. అందుకే ఒకే బండి మీద ఆశ పెట్టుకుని రూట్లు ప్లాన్ చేసుకోకండి.

కాగితాలు ఏవేవి కావాలి?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. బండి కంటే కాగితాలకే ఎక్కువమంది దెబ్బతింటారు. మా మెకానిక్ భాయ్ మాటల్లో చెప్పాలంటే, "సార్, బండి నేను జూస్త, కాయితాలు మీరు జూస్కోండ్రి. బండి ఖరాబైతే బాగు జెయ్యొచ్చు."

మామూలు అమ్మకానికి బండి చేతులు మారిందని తెలియజేసే ఫారం 29, పేరు మార్పుకి పెట్టుకునే ఫారం 30. బండి మీద అప్పు ఉంటే అది తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఫారం 35, దాంతో పాటు తమకు అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ లెటర్. సీజ్ చేసిన బండి అయితే ఒక మెలిక ఉంది. ఆర్సీ మీద పేరు పాత ఓనర్‌ది, ఆయన వచ్చి సంతకం పెట్టడు. అలాంటప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఫారం 36తో ముందు తన పేరు మీద కొత్త ఆర్సీ తీసుకుని, తర్వాత మీకు బదిలీ చేయాలి. ప్రభుత్వం తరఫున జరిగిన బహిరంగ వేలంలో కొంటే ఫారం 32, బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఆర్టీఏకి ఇవ్వాలి. వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ.

ఇక నా ఒళ్ళు మండే కథ. కరోనా తర్వాత 2021 సెప్టెంబర్ 1న స్కూళ్ళు తెరిచారు. పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు, మాకు ఒక బస్సు తక్కువైంది. 2022 ఫిబ్రవరిలో వేలంలో 2014 మార్చి రిజిస్ట్రేషన్, ఏపీ 29 నంబర్ బండి ఒకటి కొట్టాం. ఇంజన్ బంగారం. నలభై రోజుల్లో కాగితాలొస్తాయన్నారు. ఏప్రిల్లో అడిగితే "ప్రాసెస్‌లో ఉంది". మేలో అడిగితే మాతో ఫోన్లో మాట్లాడే ఫైనాన్స్ కంపెనీ మనిషి వేరే బ్రాంచికి మారిపోయాడు. జూన్ మొదటి వారంలో ఎన్‌ఓసీ వచ్చింది. తీరా చూస్తే అందులో ఛాసిస్ నంబర్ చివర్లో 6 ఉండాల్సిన చోట 8 పడింది. ఒక్క అంకె! ఆర్టీఏలో ఎవరు తీసుకుంటారు? మళ్ళీ వెనక్కి. పైగా లాక్‌డౌన్‌లో బండి నిలబడిపోయినప్పుడు పాత ఓనర్ ఆర్టీఏకి స్టాపేజ్, అంటే బండి తిరగడం లేదన్న కాగితం, రాసివ్వలేదు. క్వార్టర్ టాక్స్ బాకీ, దాని మీద పెనాల్టీ పేరుకుని ఉంది. అది బండిని పట్టుకుని వచ్చేదే, కట్టుకోవాల్సింది మేమే. సెప్టెంబర్‌లో గానీ మా పేరు మీదకి రాలేదు. అన్ని నెలలూ కొత్తగా రంగేసిన బస్సు స్కూలు వెనకాల వేపచెట్టు కింద నిలబడి ఉంటే, మేం అద్దె బండి తిప్పాం. చిన్నపిల్లలు రోజూ అడిగేవాళ్ళు, "అంకుల్, మన కొత్త బస్సు ఎప్పుడొస్తుంది?" అని.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పాటకి ముందే ఛాసిస్ మీద చెక్కిన నంబర్‌ని పెన్సిల్ రుద్ది కాగితం మీద అచ్చు తీసుకుంటాను. ప్రతి పత్రం మీదా దాన్ని పెట్టి అంకె అంకె సరిచూస్తాను. టాక్స్ బాకీ, చలాన్లు, ఫిట్‌నెస్ తేదీ, ఇన్సూరెన్స్ తేదీ పాటకి ముందే ఆన్‌లైన్లో చూస్తాను. బాకీ ఎంతుంటే పాటలో అంత తగ్గించుకుంటాను.

డీలర్ అంటే ఎవరు? అందరూ డీలర్లే అంటున్నారు.

నిజమే. ఒకరు బండ్ల కంపెనీల సొంత సెకండ్ హ్యాండ్ విభాగాలు. ధర ఎక్కువ, కాగితాలు శుభ్రం, స్కూల్ బస్సులు తక్కువ. ఇంకొకరు సొంత యార్డు ఉండి, బండి తన డబ్బుతో కొని బాగు చేయించి అమ్మేవాళ్ళు. మూడోరకం ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్ళు. ఎవరి బండో ఫొటో పంపిస్తారు, కమీషన్ రెండు వైపులా తీసుకుంటారు. వీళ్ళు బ్రోకర్లు. బ్రోకర్ అంటే తప్పేమీ లేదు, మంచివాళ్ళూ ఉన్నారు. డీలర్ ధర ఇచ్చి బ్రోకర్ దగ్గర కొనకూడదు, అంతే.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నియమం ఉంది. ఓనర్ బండిని అలాంటి డీలర్‌కి అప్పగించి ఆన్‌లైన్లో తెలియజేస్తే, మళ్ళీ అమ్ముడయ్యేదాకా బాధ్యత ఆ డీలర్‌దే. కాబట్టి మొహమాటం లేకుండా అడగండి: "మీకు ఆథరైజేషన్ ఉందా? ఈ బండి మీకు అప్పగించినట్టు ఎంట్రీ ఉందా?" రెండో ప్రశ్నకే చాలామంది టీ చెప్తారు.

డీలర్లు ఏం దాస్తారు?

ఉదయం తొమ్మిదికి రమ్మంటే ఎనిమిదికి వెళ్ళండి. బండి ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడతారు, చల్లటి ఇంజన్ మొదటిసారి ఎలా లేస్తుందో మీకు తెలియకుండా. ఇంజన్ పైమూత మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. మొదటి పొగ రంగు చూడండి. నల్లది కాసేపటికి తగ్గితే సరే. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళో, డీజిల్ సరిగ్గా మండకపోవడమో.

మీటర్‌ని నమ్మకండి. క్లచ్ పెడల్ రబ్బరు, గేర్ రాడ్ గుండు, డ్రైవర్ సీటు కుంగిన తీరు చూస్తే బండి ఎంత తిరిగిందో ఇట్టే తెలుస్తుంది. స్కూల్ బస్సులు కిలోమీటర్లు తక్కువే తిరుగుతాయి, అది నిజం. కానీ ఒక ట్రిప్పులో ముప్పైసార్లు ఆగుతాయి, ముప్పైసార్లు ఫస్ట్ గేర్లో లేస్తాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో సాయంత్రం నాలుగింటికి ఒకసారి నిలబడి చూడండి, క్లచ్ ఎందుకు పోతుందో అర్థమవుతుంది. అందుకే మీటర్ మీద అరవై వేలే ఉన్నా క్లచ్, బ్రేకులు మాత్రం లక్షన్నర తిరిగిన బండిలా అరిగి ఉంటాయి.

గ్యారంటీ నోటిమాటగా చెప్తే రాయించుకోండి. "ఇంజన్, గేర్‌బాక్స్ మూడు నెలలు" అని లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. వాళ్ళ దగ్గరే మళ్ళీ కొన్నాం.

ఎన్నేళ్ళ బస్సు కొనొచ్చు?

మన తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన బస్సుని విద్యాసంస్థ బస్సుగా తిప్పనివ్వరు. కాబట్టి ధరను మిగిలిన ఏళ్ళతో భాగించండి. పన్నెండేళ్ళ బస్సు బాగుచేయించాక 4,50,000 పడితే మూడేళ్ళకి, అంటే ఏడాదికి లక్షన్నర. ఎనిమిదేళ్ళది 7,00,000 పడినా ఏడేళ్ళకి, ఏడాదికి లక్ష. చవకగా వచ్చిందనుకున్నదే ఖరీదు. తొమ్మిదేళ్ళు దాటిన బండి మేం ఇప్పుడు చూడటం కూడా మానేశాం.

స్కూలు కాకుండా నేను సొంతంగా కొని స్కూలుకి కాంట్రాక్ట్ పెట్టుకోవచ్చా?

చట్టం ప్రకారం విద్యాసంస్థ బస్సు అంటే ఆ సంస్థ సొంత బస్సు, దాని విద్యార్థుల కోసం, సిబ్బంది కోసం మాత్రమే వాడేది. మీ పేరు మీద కొంటే అది కాంట్రాక్ట్ క్యారేజ్ అవుతుంది. పర్మిట్ కావాలి, టాక్స్ సీటు లెక్కన చాలా ఎక్కువ. విద్యాసంస్థలకున్న రాయితీ మీకు రాదు. ఆర్సీలో వర్గం మార్పించుకోకుండా పాత ఓనర్ స్కూలు పేరు మీదే తిప్పేవాళ్ళు ఉన్నారు. అలాంటి బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీకి చెయ్యెత్తేయడానికి అంతకంటే మంచి సాకు ఉండదు. కొనేముందు టాక్స్ లెక్క వేయించుకోండి. చాలామందికి అక్కడే బేరం తప్పిపోతుంది.

ఢిల్లీ బండ్లు చవక అంటున్నారు?

చవకే. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో బయటి రాష్ట్రాలకు అమ్ముతారు. కానీ ఎన్‌ఓసీ, ఇక్కడ కొత్త నంబర్, ఇక్కడి టాక్స్, పదిహేను వందల కిలోమీటర్ల ప్రయాణం అన్నీ కలుపుకోండి. పైగా పదేళ్ళు దాటాకే వస్తుంది కాబట్టి మనకి మిగిలేది నాలుగైదేళ్ళు. నేనైతే వద్దంటాను.

బీఎస్ 4 తీసుకోవాలా, బీఎస్ 6 తీసుకోవాలా?

బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి పెట్టిన ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మినవన్నీ బీఎస్ 6. వయసు రీత్యా అవే మంచివి. కాకపోతే సెన్సర్లు, చాలా మోడళ్ళలో ఆడ్‌బ్లూ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం) ట్యాంకు, పొగను శుద్ధి చేసే ఫిల్టర్. రెండేళ్ళు యార్డులో ఎండకి ఎండిన బీఎస్ 6 బండిని వేలంలో కొనడం నాకు భయం. ఆటోనగర్ మెకానిక్ చేతిలో ఒదిగేది పాత బండే. బీఎస్ 6 అయితే స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్లు చూపించే డీలర్ దగ్గరే కొంటాను.

లోన్ వస్తుందా?

డీలర్ దగ్గరైతే వాళ్ళే ఫైనాన్స్ ఏజెంట్‌ని కూర్చోబెడతారు. వడ్డీ కొత్త బండి కంటే బాగా ఎక్కువ, పదేళ్ళు దాటిన బండికి ఇవ్వడానికి వెనకాడతారు. వేలంలో రోజుల గడువులో మొత్తం కట్టాలి కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోకపోతే కుదరదు.

ఎప్పుడు కొనాలి?

మన దగ్గర స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. అక్కడి నుంచి జూన్ 12 దాకా అందరూ ఒకేసారి మెకానిక్‌లు, పెయింటర్లు, ఆర్టీఏ స్లాట్ల వెంట పడతారు. మే నెలలో ఆటోనగర్‌లో మీ బండి ముట్టుకోవాలంటే బతిమాలాలి. డీలర్లు ధర పెంచేదీ అప్పుడే. కాబట్టి వేలమైతే జనవరి, ఫిబ్రవరి. డీలర్ దగ్గరైతే మార్చి. జూలైలో కూడా బేరాలుంటాయి. అమ్ముడుపోని బండి యార్డులో స్థలం తింటుంటే డీలర్ మెత్తబడతాడు.

మొబైల్ టిఫిన్ సెంటర్ చేద్దామని పాత బస్సు చూస్తున్నాను...

అప్పుడు వేలమే మేలు, ఇంజన్ కంటే బాడీ చూసుకోండి. కానీ బండి వాడకం, రంగు, లోపలి అమరిక మారిస్తే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆ పసుపు రంగుతో ఇడ్లీలు అమ్మలేరు.

ఫిట్‌నెస్‌కి వెళ్ళేముందు స్కూల్ బస్సులో ఏమేం ఉండాలి?

పసుపు రంగు, ముందూ వెనకా "స్కూల్ బస్" అన్న అక్షరాలు, స్కూలు పేరు, ఫోన్ నంబర్, కిటికీలకు అడ్డ కడ్డీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్, స్పీడ్ గవర్నర్, సరిగ్గా మూసుకునే తలుపులు. అటెండర్ ఉండాలి. వేలం బండ్లలో మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎప్పుడో మాయమైపోయి ఉంటాయి. డీలర్ బండ్లలో ఉంటాయి కానీ సిలిండర్ మీద తేదీ చూడండి, మాకు ఒకసారి మూడేళ్ళ క్రితం గడువు తీరింది ఇచ్చారు. స్పీడ్ గవర్నర్ తీగ కత్తిరించి ఉండటం మామూలు. 2014లో మాసాయిపేట దగ్గర రైలు ఢీకొన్న స్కూల్ బస్సు సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. మా దగ్గర తల్లిదండ్రులు కూడా అడ్మిషన్ రోజున నేరుగా బస్సు దగ్గరికొచ్చి టైర్లు చూసి వెళ్తున్నారు. చూడనివ్వండి.

కొన్నాక బండిని ఇంటికి ఎలా తెచ్చుకోవాలి?

ఇన్సూరెన్స్ లేకుండా యార్డు గేటు దాటించకండి. పాత పాలసీ బతికి ఉంటే 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోవాలి. చనిపోయి ఉంటే అక్కడే నిలబడి కొత్తది తీసుకోండి. ఫిట్‌నెస్ లేని బండిని నడిపి తేవద్దు, లాగించుకుని తెచ్చుకోండి.

బండి చాలాకాలం నిలబడి ఉంటే డీజిల్ ట్యాంకు అడుగున నీళ్ళు, తుప్పు చేరతాయి. పాత డీజిల్ వంపేసి, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయండి. మొదటి రోజు గాలి బ్రేకుల మీటర్ నిండేదాకా కదలొద్దు. నిండాక ఇంజన్ ఆపి పది నిమిషాలు కూర్చోండి. ముల్లు దిగిపోతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది.

అద్దం మీద పాత ఫాస్టాగ్ ఉంటే గీకేసి మీ పేరు మీద కొత్తది వేయించుకోండి. మేం ఆ పని మర్చిపోయి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. టోల్ పాత ఓనర్ ఖాతాలోంచి పోయింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. ఆర్సీ కాపీ మీద ఉన్న మా నంబర్ ఎలా సంపాదించాడో తెలియదు. తిడతాడేమో అనుకున్నాను. "బండి బాగా నడుస్తుందా అన్నా? థర్డ్ గేర్ కొంచెం పట్టేస్తది, మెల్లగా వెయ్యమను" అన్నాడు. టోల్ డబ్బులు పంపిస్తానంటే వద్దన్నాడు. థర్డ్ గేర్ నిజంగానే పట్టేసేది.